పేరును పదమని పొరబడినప్పుడు

విద్యుదయస్కాంత తరంగంలో శక్తి ఏ దిశగా, ఎంత చొప్పున ప్రవహిస్తున్నదో తెలిపే రాశిని పాయింటింగ్ వెక్టర్ అంటారు. ఇంగ్లీషులో పాయింటింగ్ అంటే చూపడం గనుక, దిశను చూపేదానికి ఆ పేరు సహజమే కదా అనుకుని చాలామంది విద్యార్థులు ముందుకు సాగిపోతారు. నిజానికి అది 1884లో ఈ శక్తి ప్రవాహ సిద్ధాంతాన్ని ప్రకటించిన ఇంగ్లండు భౌతికశాస్త్రవేత్త జాన్ హెన్రీ పాయింటింగ్ ఇంటిపేరు. ఇంగ్లీషులో ఆ పేరు పెద్ద అక్షరంతో మొదలవుతుంది, మధ్యలో ఐ ఉండవలసిన చోట వై ఉంటుంది. తెలుగు లిపిలోకి వచ్చేసరికి ఈ రెండు ఆనవాళ్లూ చెరిగిపోతాయి గనుక, మన పాఠ్యపుస్తకాలు కనీసం ఒక్కసారైనా ఆయన పూర్తి పేరు రాయడం అవసరమని నేను భావిస్తాను.

ఇటువంటి పొరపాట్లలో అర్థం అతకనివి పెద్దగా హాని చేయవు. కిల్లింగ్ వెక్టర్ అన్న మాట వినగానే జ్యామితిలో ఈ చంపడమేమిటని ఎవరో ఒకరు అడుగుతారు, జర్మన్ గణితవేత్త విల్‌హెల్మ్ కిల్లింగ్ వెంటనే బయటపడతాడు. భూకంపం వచ్చినప్పుడు నేలను పక్కలకు ఊపే లవ్ తరంగాల సంగతీ అంతే. వాటిని 1911లో గణితపరంగా వివరించినవాడు ఆగస్టస్ లవ్. అర్థం చక్కగా అతికినచోటనే ఎవరికీ సందేహం రాదు.

న్యూయార్క్‌లోని స్టాటెన్ ద్వీపాన్ని న్యూజెర్సీతో కలుపుతూ 1928లో ప్రారంభమైన ఔటర్‌బ్రిడ్జ్ క్రాసింగ్ ఇందుకు మంచి ఉదాహరణ. ఆ ద్వీపానికి దక్షిణపు కొసన, నగర కేంద్రానికి ఎంతో దూరంగా ఉన్నది కాబట్టి దానిని వెలుపలి వంతెన అనుకోవడంలో వింతేమీ లేదు; అయితే ఆ పేరు అక్కడి రేవుల నిర్వహణ సంస్థ అయిన పోర్ట్ అథారిటీకి మొదటి అధ్యక్షుడైన యూజీనియస్ ఔటర్‌బ్రిడ్జ్‌ది. ఇంటిపేరులోనే బ్రిడ్జ్ ఉన్నది గనుక వంతెన పేరు చివర క్రాసింగ్ అనవలసి వచ్చింది. ఆహారాన్ని విషపూరితం చేసే సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియాకు కూడా సాల్మన్ చేపతో సంబంధం లేదు. అమెరికా పశువైద్యుడు డేనియల్ సాల్మన్ పేరు దానికి స్థిరపడింది, పరిశోధన చాలావరకు ఆయన కింద పనిచేసిన థియోబాల్డ్ స్మిత్‌దే అయినప్పటికీ. (పై అధికారి పేరు నిలవడం శాస్త్రరంగంలో కొత్తేమీ కాదు.)

ఒక్కొక్కసారి ఒక చిన్న గుర్తు రాలిపోవడమే ఇందుకు చాలు. 1852లో శామ్యూల్ జర్మన్ అనే వ్యక్తి అమెరికాలో ఒక తీపి చాక్లెట్‌ను రూపొందించాడు. దానితో చేసే కేకును మొదట జర్మన్ గారి చాక్లెట్ కేకు అన్న అర్థంలో పిలిచేవారు. కాలక్రమాన షష్ఠీ విభక్తిని సూచించే ఎస్ అక్షరం జారిపోవడంతో ఆ కేకు జర్మనీ దేశపు వంటకమైపోయింది.

దీనికి తలకిందులైన సంగతి వెబ్‌లో ఉంది: అక్కడ ఒక మామూలు మాటే అక్షరం జారి పేరుగా స్థిరపడింది. పాఠకుడు ఏ పుట నుంచి వచ్చాడో సర్వర్‌కు తెలిపే రిఫరర్ అనే హెడర్‌ను, అంటే అభ్యర్థనతో పాటు వెళ్లే చిన్న సమాచార పంక్తిని, ప్రతిపాదించినప్పుడే స్పెల్లింగులో ఒక ఆర్ తగ్గింది. వెబ్ పుటలను చేరవేసే నియమాలైన హెచ్‌టీటీపీపై 1996లో వెలువడిన పత్రంలోనూ అది అలాగే అచ్చయింది, అప్పటికే వాడుకలో పాతుకుపోయిన దానిని ఎవరూ సరిదిద్దలేకపోయారు. ఆ సమాచారాన్ని ఎంతవరకు పంపాలో నిర్ణయించే రిఫరర్ పాలసీ అనే మరో హెడర్ తరువాత వచ్చినప్పుడు మాత్రం నిఘంటువులోని స్పెల్లింగునే తీసుకున్నారు, అందువల్ల నేటి ప్రోగ్రామర్లు మొదటిదానిలో ఒక ఆర్ వదిలిపెట్టి, రెండవదానిలో దానిని చేర్చి రాయవలసి వస్తున్నది.