హో అడవి: పాచి దారి, రెండు రకాల నీళ్ళు

అమ్మానాన్నలు సియాటిల్ వచ్చి నెల దాటింది. గుడి, కాస్ట్‌కో, స్పేస్ నీడిల్ అన్నీ అయిపోయాయి. ఇక ఒలింపిక్ నేషనల్ పార్కులోని హో రెయిన్‌ఫారెస్ట్ చూపిద్దామని అక్టోబరు మొదట్లో బయల్దేరాం. వేసవిలో అయితే గేటు దగ్గర కార్ల బారు కదలదు. పైగా ఎండలకు అక్కడి పాచి వాడి గోధుమరంగుకు తిరుగుతుంది. నాలుగు వానలు పడ్డాక వెళ్తేనే దాని అందం తెలిసేది.

రాత్రి ఫోర్క్స్ అనే చిన్న ఊళ్ళో పడుకుని, పొద్దున్నే పులిహోర డబ్బా, ఫ్లాస్కు నిండా కాఫీతో కారెక్కాం. హైవే 101 వదిలాక సుమారు 18 మైళ్ళ రోడ్డు హో నది వెంబడే వెళ్తుంది. 2024 డిసెంబరులో నది ఈ రోడ్డును ఒకచోట కోసేస్తే, 2025 మేలో గానీ మళ్ళీ తెరవలేదు. నాన్నగారు సర్వీసంతా గోదావరి కాలువల మీద చేసిన మనిషి. ఆ చోటు రాగానే కిటికీ దించి గట్టుకు పేర్చిన రాళ్ళు చూసి, "రివిట్‌మెంట్ బాగానే కట్టారు" అని సర్టిఫికెట్ ఇచ్చేశారు.

'హాల్ ఆఫ్ మాసెస్' అనే దారి మైలు కూడా ఉండదు. మొదట్లోనే టాఫ్ట్ క్రీక్ వస్తుంది. పేరుకు వాగే గానీ నీళ్ళు పారుతున్నట్టే తెలియదు. కాస్త దూరం నుంచి చూస్తే అసలు నీళ్ళే కనబడవు. తలకిందులుగా చెట్లు, వాటి మధ్య మబ్బు పట్టిన తెల్లటి ఆకాశం. వంతెన మీద నుంచి వంగి చూస్తే మాత్రం మన తల అడ్డుపడిన మేరకు ఆ చెట్లు మాయమై, అడుగున పొడవాటి పచ్చటి నీటిమొక్కలు బయటపడతాయి. అన్నీ ఒకే వైపుకు వాలి మెల్లగా ఊగుతుంటాయి. వాటి సందుల్లో వేలెడంత చేపపిల్లలు. తల వెనక్కి తీస్తే మళ్ళీ చెట్లే. ఊటనీరు కావడంతో ఒండ్రు లేదు, అందుకే అంత తేట. అమ్మ ఆ రెయిలింగు పట్టుకుని ముందుకీ వెనక్కీ వంగుతూ కదల్లేదు. వెనకాల వాళ్ళకు దారివ్వమని నేనే చెప్పాల్సి వచ్చింది.

అక్కణ్ణుంచి చిన్న ఎత్తు ఎక్కితే అసలైన పాచి లోకం. మా ఇంట్లో నూతి గట్టు కాస్త పచ్చబడితే చాలు, బ్లీచింగ్ పౌడర్ పట్టుకుని బయల్దేరే మనిషి అమ్మ. "ఇంత పట్టేదాకా వదిలేశారేమిట్రా!" అంది. మేపుల్ చెట్ల కొమ్మల నుంచి పాచి మునుల గడ్డాల్లా వేలాడుతోంది. ఏడాదికి ఇక్కడ పడే వాన సుమారు 140 అంగుళాలు, అంటే మూడున్నర మీటర్లు. మన కోస్తాలో మీటరు పడితే మంచి ఏడే. దారి పక్కన రాలిపడిన కొమ్మ మీద వేలు పెట్టి నొక్కాను. రెండు కణుపులు లోపలికి దిగింది, చల్లటి నీళ్ళు చుట్టూ ఊరాయి.

"చెట్టు సారం లాగేయదా ఇది?" అని అమ్మ అనుమానం. లాగదు. పైగా చెట్టే దాన్ని వాడుకుంటుంది. కొమ్మల మీది పాచిలో ఆకులూ దుమ్మూ చిక్కి మట్టిలా తయారవుతుంది. మేపుల్ తన కొమ్మలోంచే వేళ్ళు పుట్టించి ఆ మట్టిలోకి పంపుతుంది. నళినీ నడ్కర్ణి అనే శాస్త్రవేత్త తాళ్ళతో చెట్లెక్కి ఈ సంగతి కనిపెట్టి 1981లో 'సైన్స్' పత్రికలో ప్రచురించారు. అమ్మ అంతా విని, "అయినా మన నూతి గట్టు మీద ఎవరికీ పనికిరాదుగా" అంది.

అందరూ ఫోటోలు దిగే మేపుల్ గుంపు దగ్గర మేం ఎక్కువసేపు ఆగలేదు. అక్కడ సెల్ఫీ కర్రలే ఎక్కువ. నాకు నచ్చింది పడిపోయిన చెట్లు. కింద దట్టమైన పాచిలో, ఫెర్నుల మధ్యలో స్ప్రూస్ విత్తనానికి చోటు దొరకదు. అందుకని కూలిన మాను మీదే మొలుస్తుంది. వందల ఏళ్ళకు ఆ మాను కుళ్ళిపోయాక, దాని మీద మొలిచినవి మహావృక్షాలై ఒకే వరసలో మిగులుతాయి. వేళ్ళ కింద మాను ఉన్న చోట సొరంగం! నాన్నగారు వంగి అందులోంచి చూసి, ఒక కన్ను మూసి, వరస సరిగ్గా ఉందో లేదో సర్వే చేశారు.

తర్వాత స్ప్రూస్ ట్రెయిల్ పట్టుకుని నది ఒడ్డుకు దిగాం. ఇందాకటి తేటనీళ్ళకు ఇంత దగ్గర్లో బూడిద కలిపిన పాలలాంటి నది! నాన్నగారు దోసిట్లోకి తీసుకుని, "ఒండ్రు కాదురా, మరీ సన్నగా ఉంది" అన్నారు. సరిగ్గానే పట్టుకున్నారు. ఒలింపస్ కొండ మీది హిమానీనదాలు రాళ్ళను నూరిన పిండి అది. ఆయన అంతటితో ఊరుకుంటేనా, "వరదప్పుడు ఎన్ని క్యూసెక్కులు వస్తాయి?" అన్నారు. ఫోన్ తీశాను, సిగ్నల్ లేదు. ఫోర్క్స్ చేరేదాకా ఆ ప్రశ్న అడుగుతూనే ఉన్నారు.