మోటరు ఫోన్ ఎత్తుతలేదు

ఆదివారం, రాత్రి 10 దాటింది.

పొద్దున ఆరున్నరకు నాయిన ఫోన్. రెండు రింగులిచ్చి కట్ చేశాడు. నువ్వు చెయ్ అని అర్థం. చేశాను.

"మోటరు ఫోన్ ఎత్తుతలేదు బిడ్డా" అన్నాడు.

నల్లగొండ జిల్లా కనగల్ దిక్కు బత్తాయి తోటలున్నవాళ్లకు ఈ మాట వింతేం కాదు. బోరు దగ్గర స్టార్టర్ డబ్బాకు తోడు ఇంకో చిన్న డబ్బా బిగిస్తారు, అందులో ఒక సిమ్ ఉంటుంది. ఇంట్లోంచి ఆ నంబరుకు ఫోన్ చేసి అంకె నొక్కితే మోటరు నడుస్తుంది. ఒక ఫేజు పోయినా, బోరులో నీళ్లు అయిపోయి ఉత్తగా తిరుగుతున్నా దానంతట అదే ఆగిపోతుంది. నీళ్లు లేనప్పుడు మోటరు లాగే కరెంటు తగ్గుతుంది కదా, దాన్నిబట్టి కనిపెడుతుందట. పోయిన దసరా సెలవుల్లో మా అబ్బాయి దగ్గరుండి పెట్టించాడు. వాడు హైదరాబాద్ హాస్టల్లో ఉండి ఇంజినీరింగ్ చదువుతున్నాడు.

తాతకు కొత్త వస్తువులంటే భయమని వాడి నమ్మకం. నేనొప్పుకోను. పొలాలకు 24 గంటల ఉచిత కరెంటు రాష్ట్రమంతా వచ్చింది 2018 జనవరి 1న. అది రాకముందు కరెంటుకు వంతులుండేవి. రాత్రి వంతు పడ్డ వారం నాయిన ఒక చేత కట్టె, ఒక చేత టార్చిలైటు పట్టుకుని తోటకు పోయేవాడు. పాములు, తేళ్లు. ఆయన తిరిగొచ్చేదాకా అమ్మ అరుగు మీదే కూర్చునేది. అట్లా బతికిన మనిషికి మంచంలోంచి మోటరు వేసే డబ్బా ఎందుకు చేదవుతుంది? పెట్టించిన వారంలో ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ ఫోన్ చేసి చూపించాడు. కాకపోతే, మోటరు ఆన్ అయిందని ఫోన్లో గొంతు చెప్పాక కూడా చెప్పులేసుకుని తోటకు బయలుదేరుతాడు.

"ఆన్ అయిందని చెప్పింది కదా తాతా, మళ్లీ ఎందుకు పోతున్నవ్?" అని మా వాడు ఒకసారి విసుక్కున్నాడు.

"మోటరు నడుస్తుందని చెప్పింది. చెట్టుకు నీళ్లు పడ్డయని చెప్పిందా?"

నిజమే. డ్రిప్పు పైపును ఎలుక కొరికితే ఆ డబ్బాకేం తెలుస్తుంది.

ఇవాళ్టి సంగతి తేలికగానే తేలింది. సిమ్‌కు గడువు అయిపోయింది. నల్లగొండలో కూర్చునే రీచార్జి చేశాను, రెండు నిమిషాల పని. మోటరు ఎత్తిందని నాయినే మళ్లీ చెప్పాడు. చెప్పి, "కోడిని కోస్తున్నం, తిని పోదువు రా" అన్నాడు. పదకొండింటికి ఊళ్లో బస్సు దిగాను.

దారిలో కిరాణా కొట్లో పెరుగూ అల్లం కొని ఫోన్‌తో డబ్బులు కట్టాను. కొట్లో స్పీకరు డబ్బా ఎంతొచ్చిందో గట్టిగా అరిచింది. బస్సు దగ్గరికి ఎదురొచ్చిన నాయిన అక్కడే నిలబడి ఉన్నాడు. "ఎంత పెట్టి కొన్నవో ఊరందరికీ డప్పు గొట్టి చెప్పాల్నా?" అన్నాడు. ఆయన నోట్లే ఇస్తాడు. కొట్టాయన నవ్వాడు కానీ నాకు మాత్రం ఆ మాట సబబే అనిపించింది.

ఇంటికొచ్చాక రీచార్జి లెక్క తీశాడు.

"పోయిన నెలనే గద ఏయించినం?"

"ఇరవై ఎనిమిది రోజులకే ఇస్తరు నాయినా."

"నెలంటే ఇరవై ఎనిమిది రోజులెప్పటి సంది?" వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. "అంటే ఏడాదికి పదమూడు సార్లు. మిత్తికిచ్చే షావుకారు గూడ పన్నెండే లెక్కగట్టేటోడు."

మా ఇంట్లో నాలుగు ఫోన్లకు నేనే కడతాను. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా పదమూడని లెక్క తేలలేదు. మా వాడినైతే అడగనే అక్కర్లేదు, వాడి ప్యాక్ ఎంతో కూడా వాడికి తెలియదు.

అన్నం తినేటప్పుడు నాయిన మనవడితో మాట్లాడతానన్నాడు. చేశాను. మొత్తం మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాను, అంతే. నాయిన చేతిలో ముద్ద పళ్లెంలోనే పెట్టేశాడు. "ఏమైంది? ఎందుకెత్తుతలేడు?" ఆ లోపల మా వాడి మెసేజ్ వచ్చింది: "ఏమైందమ్మా? ఎందుకు కాల్ చేశావ్? మెసేజ్ పెట్టు."

వాడి లెక్కలో ఫోన్ మోగిందంటే ఏదో జరిగినట్టు. నాయిన లెక్కలో ఎత్తలేదంటే ఏదో జరిగినట్టు. టెన్షన్ ఇద్దరిదీ ఒకటే, మధ్యలో ఫోన్ పట్టుకుని నేను. "బాగనే ఉన్నడు, మెసేజ్ పెట్టిండు" అన్నాను.

"వేలున్నోడు ఎవడైనా రాస్తడు. గొంతు ఇనాలె గద" అని, కాసేపాగి, "వానికన్న మోటరే నయం. రీచార్జి చేస్తే ఎత్తుతది" అన్నాడు. అమ్మకు పొలమారింది.

ఈ రింగుల భాష మా ఇంట్లో ఇరవై ఏళ్లనాటిది. 2003 మే నుంచి వచ్చే కాల్‌కు డబ్బులు తీసుకోవడం పోయింది, ఆ తర్వాతే మా ఇంటికి సెల్ వచ్చింది. చేసే కాల్‌కు మాత్రం డబ్బులే. అందుకని ఒక్క రింగయితే క్షేమంగా చేరినట్టు, రెండయితే నువ్వు ఫోన్ చెయ్యమన్నట్టు. ఇప్పుడు ఎంత మాట్లాడినా ఒకటే ధర అని ఎన్నోసార్లు చెప్పాను. వింటాడు, మానడు. మా వాడికి ఈ భాష అసలు రాదు. మొన్న తాత రెండు రింగులిస్తే మిస్‌డ్ కాల్ చూసి, పొరపాటున తగిలి ఉంటుందిలే అని ఊరుకున్నాడట.

ఏడు గంటల బస్సుకు బయలుదేరి ఇల్లు చేరాక ఒక్క రింగిచ్చి కట్ చేశాను.

ఇందాక నా ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. మా వాడి ప్యాక్ గడువు ఈ రాత్రితో అయిపోతుందట. మామూలుగా అయితే చూసిన వెంటనే కట్టేస్తాను. ఇవాళ కట్టలేదు. రేపు ఎవరి ఫోన్ అడుక్కుంటాడో అడుక్కోనీ, మెసేజ్ పెడితే చూడను. ఫోనే చెయ్యాలి, అది కూడా ముందు తాతకు.