పింఛను రోజున ఎవరు రాలేదో చూడండి

పెద్దవాళ్ల ఒంటరితనం మాట ఎత్తితే చాలు, భజన మండలి పెట్టమనో, స్మార్ట్‌ఫోన్ కొనిచ్చి వీడియో కాల్ నేర్పమనో చెబుతారు. మంచివే. కానీ ఒడిశాలోని మా పర్లాకిమిడి చుట్టుపక్కల ఊళ్లలో అవి అందాల్సినవాళ్లకే అందడం లేదు. పిల్లలు విశాఖలోనో హైదరాబాద్‌లోనో ఉంటారు, దగ్గరున్న మనవలు ఒడియా బడికెళ్లి తమలో తాము ఒడియాలోనే మాట్లాడుకుంటారు, చెవి సరిగా వినపడని నాయనమ్మ రెండుమూడు సార్లు "ఏటన్నావు?" అని అడిగి, వాళ్లు విసుక్కోవడం చూసి ఇక అడగడమే మానేస్తుంది. ఇంటినిండా మనుషులున్నా ఆవిడ ఒంటరే. అందుకే ముందు చెవి పరీక్ష చేయించండి, భజన తర్వాత.

కొత్తగా కార్యక్రమాలు పెట్టి రమ్మంటే రారు, ఎలాగూ బయటికొచ్చే పనినే పట్టుకోవాలని నా నమ్మకం. మన ఒడిశాలో పెద్దవాళ్లకి రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే మధుబాబు పింఛను నెలనెలా 15వ తారీఖున పంచాయతీ ఆఫీసు దగ్గర చేతికిచ్చే పద్ధతి చాలాకాలం నుంచి ఉంది. నడవలేనివాళ్లు కూడా ఎవరినో ఒకర్ని పట్టుకుని వస్తారు. డబ్బు బ్యాంకు ఖాతాలో పడితే ఆ శ్రమ తప్పుతుంది, నిజమే, కానీ నాలుగు మొహాలు చూసే రోజు కూడా పోతుంది కదా! ఖాతాలో పడినా సరే ఆ రోజు కలవడం ఆగకూడదు. నీడ, కుర్చీలు, టీ, బీపీ చూడ్డానికి ఒకరు, తెలుగూ ఒడియా రెండూ వచ్చినవాళ్లు ఒకరు ఉంటే చాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 నివేదికలో ఒంటరితనాన్ని ఏటా సుమారు 8,71,000 మరణాలతో ముడిపెట్టింది, కాబట్టి బీపీ చూసినంత శ్రద్ధగా దీన్నీ చూడాలి.

ఇంకో సంగతి, వాళ్లకి పని అప్పజెప్పాలి. జింబాబ్వేలో డిక్సన్ చిబాండా అనే మానసిక వైద్యుడు 2006లో అమ్మమ్మలకి శిక్షణ ఇచ్చి, ఆరోగ్య కేంద్రాల దగ్గర బెంచీల మీద కూర్చోబెట్టి, దిగులుతో వచ్చినవాళ్ల గోడు వినే పని అప్పగించాడు. అది పనిచేస్తోందని 2016లో వచ్చిన అధ్యయనం చూపించింది. నాకు నచ్చింది ఏమిటంటే, అక్కడ సాయం చేసేది ముసలివాళ్లే.

మన దగ్గరా అంతే చేయొచ్చు. ఈ నెల ఎవరు రాలేదో పెద్దవాళ్లే చూసుకుని, మర్నాడు ఇద్దరు కలిసి ఆ ఇంటికెళ్లి పలకరించి రావాలి. వెళ్లేవాళ్లలో ఒకరికి ఆ ఇంటి భాష వచ్చి ఉండాలి. ఏదైనా ఇబ్బంది కనబడితే 14567కి, అంటే పెద్దవాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన ఎల్డర్‌లైన్‌కి ఫోన్ చేయాలి. వచ్చే 15లోపు మా సర్పంచ్‌గారిని కలిసి, ముందు టార్పాలిన్ సంగతీ కుర్చీల సంగతీ అడుగుతాను.