పంపిన ఫైలుకు జవాబేది? ట్రెజరీలో పేమెంట్లు ఆటోమేట్ చేసిన నా అనుభవం

మా కంపెనీ చెల్లింపులు, నగదు చూసుకునే ట్రెజరీ గదిలో తాళం వేసిన సొరుగు ఒకటి ఉండేది. అందులో బ్యాంకు పోర్టల్‌లోకి వెళ్లడానికి వాడే ఆరు టోకెన్లు, ఒక్కో బ్యాంకుకు ఒకటి. పేమెంట్ రోజున ఆ తాళంచెవి ఎవరి దగ్గరుందో వెతకడంతో పని మొదలయ్యేది. కంపెనీ లెక్కలుండే సాఫ్ట్‌వేర్ ఈఆర్‌పీ నుంచి చెల్లించాల్సిన వెండర్ల జాబితా దింపుకుని, ఆ బ్యాంకు అడిగే తీరులో ఎక్సెల్‌లో కాలమ్‌లు సర్ది, పోర్టల్‌లోకి ఎక్కించేవాళ్లం. ఒకరు నమోదు చేస్తే ఇంకొకరు ఆమోదించేవారు. మేకర్, చెకర్ ఇద్దరూ ఉన్నారు కాబట్టి అంతా భద్రంగానే ఉందని గట్టిగా నమ్మేదాన్ని.

ఆడిటర్ ఒక రోజు నన్ను ఒకే ప్రశ్న అడిగారు. "ఫైలు ఈఆర్‌పీ నుంచి దిగాక, పోర్టల్‌కు ఎక్కేలోపు ఎక్కడ ఉంటుంది మేడమ్?" షేర్డ్ ఫోల్డర్‌లో అన్నాను. "అక్కడ ఎవరైనా ఒక్క అకౌంట్ నంబర్ మారిస్తే చెకర్‌కు ఎలా తెలుస్తుంది?"

తెలియదు. చెకర్ చూసేది మొత్తం సొమ్ము, పేమెంట్ల సంఖ్య. నంబర్ మారినా ఆ రెండూ మారవు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎన్నేళ్లుగా ఆ ఫోల్డర్ అలా తెరిచి ఉందో లెక్క వేసుకుంటూ పడుకున్నాను. మర్నాడే మా మేనేజర్ దగ్గరికి వెళ్లి, మధ్యలో మనిషి చెయ్యి పడకుండా ఈఆర్‌పీ నుంచి బ్యాంకుకు నేరుగా ఫైలు వెళ్లే ఏర్పాటు చేసుకుందామని అడిగాను. మా వాళ్లు దాన్ని హోస్ట్ టు హోస్ట్ అంటారు. అనుమతి రావడానికి పట్టిన రోజులు, తిరిగిన మీటింగులు ఇక్కడ రాయను. వచ్చింది, అంతే.

ముందుగా తేల్చుకోవాల్సింది ఫైలు ఏ రూపంలో ఉండాలన్నది. ఐఎస్‌ఓ 20022 అనే ప్రమాణం 2004 నుంచి ఉంది. అందులో కంపెనీ బ్యాంకుకు పంపే చెల్లింపు ఆదేశాన్ని పెయిన్ 001 అంటారు. దానికి బ్యాంకు ఇచ్చే జవాబు పెయిన్ 002. రోజు ముగిశాక వచ్చే స్టేట్‌మెంట్ క్యామ్ట్ 053. అన్నీ ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లే, అంటే ప్రతి వివరాన్నీ దాని పేరున్న ట్యాగ్ లోపల రాసే ఫైళ్లు. ప్రమాణం ఒకటే కదా, ఒక్కసారి తయారు చేస్తే ఆరు బ్యాంకులకూ సరిపోతుందని అనుకున్నాను. ఆరు బ్యాంకుల నుంచి ఆరు గైడ్లు వచ్చాయి. ఒకరు 2009 నాటి మూడో వెర్షన్ కావాలన్నారు, ఇంకొకరు 2019 నాటి తొమ్మిదో వెర్షనే తీసుకుంటామన్నారు. మూడో వెర్షన్‌లో చెల్లించాల్సిన తేదీని నేరుగా రాస్తే చాలు. తొమ్మిదో దానిలో తేదీ మాత్రమేనా, సమయంతో సహానా అని లోపల ఇంకో ట్యాగ్ పెట్టాలి. బ్యాంకు కోడ్ ట్యాగ్ పేరు కూడా మారింది. చూడటానికి చిన్న తేడాలే, కానీ ఒక్కటి తప్పినా ఫైలు మొత్తం వెనక్కి వస్తుంది. కార్పొరేట్లూ బ్యాంకులూ కలిసి ఈ తేడాలను తగ్గించాలని 2009 నుంచి సీజీఐ-ఎంపీ పేరుతో ఒక బృందం పనిచేస్తోంది. వాళ్ల మార్గదర్శకాలను ఆధారంగా తీసుకున్న బ్యాంకులతో మా పని సగం తేలికైంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు బ్యాంకును మొదట అడగాల్సింది ఆ మార్గదర్శకాలను పాటిస్తారా అనేనని నా అభిప్రాయం.

బ్యాంకూ మేమూ కీలు, అంటే డిజిటల్ తాళంచెవులు, ఇచ్చిపుచ్చుకోవడం నాకు బాగా నచ్చిన ఘట్టం. ఫైలు ఎస్‌ఎఫ్‌టీపీ అనే భద్రమైన దారిలో వెళ్తుంది, దాన్ని పీజీపీ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతితో మూసి, డిజిటల్ సంతకం చేసి పంపాలి. దీనికి మా పబ్లిక్ కీ వాళ్లకు, వాళ్లది మాకు అందాలి. ఈమెయిల్‌లో వచ్చిన కీ నిజంగా బ్యాంకుదేనా? దాని ఫింగర్‌ప్రింట్‌ను, అంటే ఆ కీ నుంచి లెక్కగట్టిన చిన్న గుర్తును, ఫోన్‌లో ఒక్కో అక్షరం చదివి సరిచూసుకున్నాం. అదీ ఆ ఈమెయిల్‌లో ఉన్న నంబర్‌కు కాదు, మా పాత ఒప్పంద పత్రాల్లో ఉన్న నంబర్‌కు చేసి. జర్మనీలో ఉన్న మా అనుబంధ సంస్థకు మాత్రం ఈబిక్స్ అనే పద్ధతి వాడాల్సి వచ్చింది. అక్కడ కీలు ఎలక్ట్రానిక్‌గా పంపాక, వాటి హ్యాష్ విలువలను, అంటే అలాంటి గుర్తులనే, కాగితం మీద అచ్చు వేసి, సంతకం పెట్టి బ్యాంకుకు ఇవ్వాలి. కాగితం మీది విలువ, తమకు అందిన కీ విలువ ఒకటేనని బ్యాంకు సరిచూశాకే తలుపు తెరుచుకుంటుంది. మొదట ఇదేమిటి ఇంకా కాగితాలా అని విసుక్కున్నాను. ఆ రెండు దారులూ ఒకేసారి దొంగ చేతిలో పడటం ఎంత కష్టమో ఆలోచించాక ఆ పద్ధతి మీద గౌరవం పెరిగింది.

ఇక టెస్టింగ్. మొదటి వారం ఒక్క ఫైలూ గట్టెక్కలేదు. ఒక వెండర్ పేరులో అండ్ గుర్తు (&) ఉంది. ఎక్స్‌ఎంఎల్‌లో ఆ గుర్తును అలాగే వదిలేస్తే ఫైలే చెడిపోతుంది. ఇంకొక పేరులో చుక్కలున్న జర్మన్ అక్షరం, దాన్ని ఒక బ్యాంకు తీసుకుంది, ఒకటి తీసుకోలేదు. ఇన్‌వాయిస్ వివరాలు రాసే చోట ఒక వరుసకు 140 అక్షరాలే పడతాయి. మావాళ్లు అందులో పన్నెండు ఇన్‌వాయిస్ నంబర్లు కుక్కారు, చివరివి తెగిపోయాయి.

దశాంశాల సంగతి ఇంకా లోతైనది. మా ఈఆర్‌పీ అన్ని కరెన్సీలకూ రెండు దశాంశాలే రాస్తోంది. జపాన్ యెన్‌కు దశాంశాలే లేవు, కువైట్ దినార్‌కు మూడున్నాయి. దినార్ పేమెంట్లలో మూడో అంకె తెగిపోతోంది, ఫైలు తలకట్టులో (హెడర్‌లో) రాసే మొత్తం మాత్రం అసలు విలువలతో లెక్కకడుతోంది. విడివిడి సొమ్ములన్నీ కలిపితే తలకట్టులోని మొత్తానికి సరిపోక ఏఎం10 అనే కోడ్‌తో ఫైలు తిరిగొచ్చింది. ఆ కోడ్ అర్థం కంట్రోల్ మొత్తం తప్పని. కారణం పట్టుకోవడానికి నాకు, మా ఐటీ అబ్బాయికి రెండు రోజులు పట్టింది. బ్యాంకు ఆ తేడాను ఒప్పుకోనందుకు నాకు నిజంగా సంతోషమే వేసింది. పోర్టల్ రోజుల్లో అయితే ఎవరో చేత్తో సరిచేసి ముందుకు పోయేవాళ్లం.

టెస్టింగ్ నడుస్తుండగానే వెండర్ మాస్టర్, అంటే ఈఆర్‌పీలో వెండర్ల ఖాతా వివరాలుండే జాబితా, శుభ్రం చేయడం మొదలుపెట్టాం. నాలుగు నెలలు అదే పని. అకౌంట్ నంబర్ల మధ్య ఖాళీలు, మూతపడిన ఖాతాలు, ఒకే వెండర్‌కు మూడు ఎంట్రీలు. ఐబాన్ అనే అంతర్జాతీయ ఖాతా నంబర్ వాడే దేశాల నంబర్లు మాత్రం కంప్యూటరే సరిచూడగలదు. మొదటి నాలుగు అక్షరాలను చివరికి జరపాలి, ఏకు 10, బీకి 11 అలా జడ్‌కు 35 వరకు అక్షరాలను అంకెలు చేయాలి, వచ్చిన పెద్ద సంఖ్యను 97తో భాగిస్తే శేషం 1 రావాలి. ఒక్క అంకె తప్పు కొట్టినా శేషం మారుతుంది. ఈ తనిఖీని నమోదు చేసే స్క్రీన్‌లోనే పెట్టించాను. అయితే ఇది నంబర్ సరైనదని చెబుతుందే తప్ప అది ఎవరిదో చెప్పదు. అందుకే ఖాతా మార్పు కోరుతూ ఉత్తరం వస్తే, మా దగ్గర ముందునుంచీ ఉన్న నంబర్‌కు ఫోన్ చేసి అడిగాకే మార్చాలని నియమం పెట్టాం. ఆటోమేషన్ వచ్చాక ఈ కాల్ ఇంకా ముఖ్యం. ఎందుకంటే తప్పు ఖాతాకు కూడా డబ్బు ఇప్పుడు అంతే వేగంగా వెళ్తుంది.

మొదటి బ్యాంకుతో లైవ్‌కు వెళ్లాం. నేను ఎప్పటికీ మరచిపోలేని రోజు లైవ్‌కు వెళ్లిన మూడో వారంలో వచ్చింది.

ఆ సాయంత్రం ఫైలు పంపాం. అందులో 41 పేమెంట్లు. మామూలుగా కొన్ని నిమిషాల్లో పెయిన్ 002 రావాలి. గంట గడిచినా రాలేదు. ఆ రోజు పేమెంట్లు బ్యాంకు తీసుకునే గడువు, అంటే కట్-ఆఫ్‌కు, నలభై నిమిషాలుంది. "మేడమ్, ఫైలు అందినట్టు లేదు. మళ్లీ రన్ చేయమంటారా?" అని మా టీమ్‌లో అమ్మాయి అడిగింది. బ్యాంకు హెల్ప్‌డెస్క్ ఫోన్ ఎత్తడం లేదు. నాలో టెన్షన్ పెరిగిపోతోంది. చెయ్యమన్నాను. ఆ మాట అన్నది నేనే, ఆ అమ్మాయి తప్పు ఇసుమంతైనా లేదు.

పొద్దున స్టేట్‌మెంట్ వచ్చింది. ఒకే వెండర్, ఒకే సొమ్ము, రెండు వరుసలు. కిందకి వెళ్తుంటే అన్నీ అలాగే. చేతులు చల్లబడ్డాయి.

జరిగింది ఇది. మొదటి ఫైలు బ్యాంకుకు భేషుగ్గా అందింది. జవాబు కూడా బ్యాంకు సమయానికే పెట్టింది, మా కోసం కేటాయించిన ఫోల్డర్‌లో. అయితే ఆ వారాంతంలో వాళ్లు జవాబు ఫైళ్లకు పేరు పెట్టే పద్ధతి మార్చారు. మా ప్రోగ్రామ్ పాత పేరుతో మొదలయ్యే ఫైళ్లనే వెతుకుతోంది. జవాబు అక్కడే పడి ఉంది, తెచ్చుకునేవాళ్లు లేరు. మేం మళ్లీ రన్ చేసినప్పుడు ఈఆర్‌పీ ఫైలుకు కొత్త గుర్తింపు సంఖ్య, అంటే మెసేజ్ ఐడీ, ఇచ్చింది. ఒక్కో పేమెంట్‌కు ఉండే ఎండ్ టు ఎండ్ ఐడీ కూడా రన్ నంబర్‌తో తయారయ్యేది కాబట్టి అదీ కొత్తదే. రెండోసారి వచ్చిందని బ్యాంకు గుర్తుపట్టడానికి దానికి మేం ఒక్క ఆధారమూ ఇవ్వలేదు.

వెంటనే రద్దు కోరుతూ క్యామ్ట్ 055 పంపాం. అప్పటికే ఖాతాల్లో పడిపోయిన వాటిని బ్యాంకు తనంతట తాను వెనక్కి తేలేదు, అవతలివాళ్లు ఒప్పుకోవాలి. ఒక్కో వెండర్‌కూ నేనే ఫోన్ చేశాను. కొందరు అదే రోజు తిప్పి పంపారు, కొందరు తర్వాతి ఇన్‌వాయిస్‌లో సర్దుకుందామన్నారు. చివరి సొమ్ము లెక్క తేలడానికి రెండు నెలలు పట్టింది.

ఆ రెండు నెలల్లో నాకు అర్థమైంది ఏమిటంటే, మేం ఆటోమేట్ చేసింది పంపడం మాత్రమే. జవాబు చదవడాన్ని చివర్లో చూసుకోవచ్చని వదిలేశాం. పోర్టల్ రోజుల్లో తెర మీద కనిపించే "విజయవంతం" అన్న మాట మా కళ్లు చదివేవి. ఆ కళ్లను తీసేశాం, వాటి స్థానంలో ఏమీ పెట్టలేదు.

అందుకే మిగతా బ్యాంకుల పని ఆపి, జవాబుల వైపు మొత్తం మళ్లీ కట్టాం. జవాబు ఒక్కసారి వచ్చేది కూడా కాదు. మొదట ఏసీటీసీ వస్తుంది. అంటే ఫైలు తీరు బాగుందని, అంతే. మా పాత ప్రోగ్రామ్ ఇది చూడగానే ఇన్‌వాయిస్ చెల్లించినట్టు మూసేసేది! తర్వాత ఖాతా వివరాలూ అవీ సరిచూశామని ఏసీసీపీ, చెల్లింపు నడుస్తోందని ఏసీఎస్‌పీ, పూర్తయిందని ఏసీఎస్‌సీ వస్తాయి. కొన్ని బ్యాంకులు చివరిది పంపవు. వాళ్ల విషయంలో స్టేట్‌మెంట్‌లో డెబిట్ కనిపించేదాకా ఇన్‌వాయిస్ తెరిచే ఉంచుతాం. ఫైల్లో కొన్నే ఆగిపోతే మొత్తానికి పార్ట్ అని వచ్చి, ఆగినవాటికి ఆర్‌జేసీటీతో పాటు కారణం కోడ్ ఉంటుంది. ఏసీ01 అయితే ఖాతా నంబర్ తప్పు, ఏసీ04 అయితే ఖాతా మూతపడింది, ఏఎం04 అయితే డబ్బు చాలలేదు. మొదటి రెండూ వెండర్ మాస్టర్ చూసేవారి దగ్గరికి, మూడోది నా దగ్గరికి వచ్చేలా దారి వేశాం.

ఎండ్ టు ఎండ్ ఐడీని కంపెనీ కోడ్, డాక్యుమెంట్ నంబర్, ఆర్థిక సంవత్సరం కలిపి చేస్తున్నాం. 35 అక్షరాల్లో హాయిగా ఇముడుతుంది. అదే బిల్లును ఎన్నిసార్లు రన్ చేసినా అదే ఐడీ వస్తుంది. మళ్లీ పంపాల్సి వస్తే కొత్త ఫైలు తయారు చేసే వీలే లేదు. పాత ఫైలే, పాత మెసేజ్ ఐడీతోనే వెళ్లాలి. దీన్ని బ్యాంకుతో కావాలనే పరీక్షించాం. రెండోసారి పంపిన ఫైలు ఏఎం05, అంటే డూప్లికేట్ అంటూ వెనక్కి వచ్చింది. ఒక తిరస్కరణను చూసి టీమంతా చప్పట్లు కొట్టింది ఆ ఒక్కసారే.

స్టేట్‌మెంట్లలో కూడా దాని ఫలం కనిపించింది. పాత స్టేట్‌మెంట్ రూపమైన ఎంటీ 940లో వివరాలు రాసే 86వ ఫీల్డ్‌లో 65 అక్షరాల వరుసలు ఆరే ఉంటాయి. ఒక్కో బ్యాంకు అందులో తన ఇష్టమొచ్చినట్టు రాసేది. క్యామ్ట్ 053లో మా ఎండ్ టు ఎండ్ ఐడీ తన ట్యాగ్‌లోనే తిరిగొస్తుంది. దాంతో ఏ డెబిట్ ఏ బిల్లుదో వెతుక్కునే పని దాదాపు పోయింది. పొద్దున గంటల తరబడి టిక్కులు పెట్టిన అమ్మాయి ఇప్పుడు నగదు అంచనాలు వేస్తోంది.

ఐదు బ్యాంకులు పూర్తయ్యాయి. ఆరోది మిగిలింది, దానితో పాటు చిరునామాల పని కూడా. సరిహద్దులు దాటే చెల్లింపుల్లో చిరునామాను విడదీయకుండా వరుసలుగా రాయడానికి, బ్యాంకుల మధ్య సందేశాలు నడిపే స్విఫ్ట్ సంస్థ 2026 నవంబర్ వరకే గడువు పెట్టింది. కనీసం ఊరు, దేశం వేరు వేరు ట్యాగుల్లో ఉండాలి. మా వెండర్ మాస్టర్‌లో ఊరి పేరు కొన్నిచోట్ల వీధి వరుసలో, కొన్నిచోట్ల పిన్‌కోడ్ పక్కన ఇరుక్కుని ఉంది. రోజుకు కొన్ని చొప్పున విడదీస్తున్నాం. సొరుగులో ఇప్పుడు ఒకే టోకెన్ ఉంది. పొద్దున ఆఫీసుకు రాగానే మాత్రం నేను ముందు తెరిచేది నిన్న పంపిన ఫైళ్లలో ఇంకా జవాబు రానివాటి జాబితా.