ఒకటి నొక్కండి, రెండు నొక్కండి

మామయ్యగారికి ఇవాళ రాత్రి భోజనాల వేళ పార్టీ నుంచి ఫోను వచ్చింది. మాట్లాడింది మనిషి కాదు, రికార్డు చేసిన గొంతు. మండల అధ్యక్ష పదవికి రెండు పేర్లు చదివి, మొదటివారైతే ఒకటి, రెండోవారైతే రెండు, ఇద్దరూ వద్దనుకుంటే మూడు నొక్కమంది. ఆయన పెరుగన్నం కలుపుకుంటున్నారు. ఎడమ చేత్తో ఫోను అందుకుని కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. పార్టీ ఫోనంటే ఆయన ఇప్పటికీ కూర్చుని మాట్లాడరు. "ఒక్క నిమిషం అమ్మా, ఇద్దరి గురించీ నేను చెప్పవలసింది ఉంది" అన్నారు. ఆ గొంతు పేర్లు మళ్లీ చదివింది. "మొదటి ఆయన సంగతి ఏమిటంటే..." అని మొదలుపెట్టేలోగా "మీ విలువైన అభిప్రాయానికి ధన్యవాదాలు" అని పెట్టేసింది.

ఆయన ఏ అంకే నొక్కలేదు. చెప్పనిదానికి ధన్యవాదాలేమిటి? నా కడుపు మండింది అక్కడే.

"ఏదో ఒకటి నొక్కేస్తే పోయేది కదా నాన్నా, వాళ్లు ఎవరినో ఈపాటికే అనుకుని ఉంటారు" అన్నారు మా వారు. "అనుకున్నాక నన్ను అడగడం ఎందుకురా?" అని మామయ్యగారు చెయ్యి కడుక్కోవడానికి వెళ్లిపోయారు. కంచంలో అన్నం అలాగే ఉంది. ఆ తర్వాత చాలాసేపు ఫోను పక్కనే పెట్టుకుని కూర్చున్నారు, మళ్లీ చేస్తారేమోనని. చేయలేదు.

ఆయన చెప్పాలనుకున్నది నాకు తెలుసు. పొద్దున్నే నేను కూరగాయలు తరుగుతుంటే ఎదురుగా కూర్చుని చెబుతూనే ఉన్నారు. మొదటి ఆయన మొన్న మొన్ననే అవతలి పార్టీ నుంచి వచ్చారు. చేతిలో డబ్బుంది, ఎన్నికల ఖర్చుకు వెనుకాడరు. రెండో ఆయన మొదటి నుంచీ జెండా మోసినవారు, పైసాకు ఆశపడరు, కాని నలుగురితో పొసగదు, సమావేశం మధ్యలో అలిగి లేచి వెళ్లిపోతారు. మామయ్యగారి ఆలోచన ఏమిటంటే రెండో ఆయన్ని అధ్యక్షుణ్ణి చేసి, పక్కన ఓర్పున్న కార్యదర్శిని పెట్టాలి, కోశాధికారిని మాత్రం కార్యకర్తలే ఎన్నుకోవాలి. ఆ కార్యదర్శి ఎవరో కూడా ఆయన మనసులో ఉంది. ఇదంతా ఏ అంకె కింద పడుతుంది? నలభై ఏళ్లుగా సభ్యత్వ రసీదులన్నీ ఒక కవరులో దాచుకున్న మనిషి ఆయన. అలాంటి మనిషి మాట వినడానికి పార్టీకి రెండు నిమిషాలు లేవు.

పార్టీ పేరు ఎందుకులెండి, ఎక్కడైనా తంతు ఇదే. పైనుంచి పరిశీలకులు వస్తారు. జిల్లా కేంద్రంలో అతిథిగృహం, వరండాలో పొద్దుటి నుంచి నిలబడ్డ కార్యకర్తలు. ఒక్కొక్కరినీ లోపలికి పిలిచి, చెప్పింది నోటు పుస్తకంలో రాసుకుంటారు. సాయంత్రానికి ఏకవాక్య తీర్మానం: నిర్ణయాన్ని అధిష్ఠానానికి వదిలేస్తున్నాం. మరి ఆ నోటు పుస్తకం ఏమవుతుంది? తెలంగాణలో 2023 డిసెంబరు 3న ఫలితాలు వచ్చాయి. మర్నాడు కాంగ్రెస్ శాసనసభా పక్షం సమావేశమై నాయకుడి ఎంపికను పార్టీ అధ్యక్షుడు ఖర్గేకు అప్పగించింది. 5న ఢిల్లీలో రేవంత్ రెడ్డి పేరు ప్రకటించారు, 7న ఎల్బీ స్టేడియంలో ప్రమాణ స్వీకారం. ఎమ్మెల్యేల అభిప్రాయాలు విడివిడిగా తీసుకున్నారని పత్రికల్లో చదివాం. ఎక్కువమంది ఆయన పేరే చెప్పి ఉంటారు, నాకు ఆ అనుమానం లేదు. ఎంతమంది చెప్పారో బయటపెడితే ఆయన గౌరవమే పెరిగేది కదా!

మన ప్రాంతీయ పార్టీల్లో ఆ అడగడమైనా లేదు. 2021 అక్టోబరులో కేసీఆర్, 2025 మే నెలలో కడప మహానాడులో చంద్రబాబు, ఇద్దరూ ఏకగ్రీవంగానే అధ్యక్షులయ్యారు. 2022 జులై ప్లీనరీలో వైకాపా జగన్‌ను శాశ్వత అధ్యక్షుడిగా చేసుకుంటే, అలాంటి పదవి ప్రజాస్వామ్యానికి విరుద్ధమని ఎన్నికల సంఘం ఆ సెప్టెంబరులో అడ్డు చెప్పింది. ఆ మాట చెప్పవలసింది ఎన్నికల సంఘమా? ప్లీనరీకి అంత దూరం నుంచి వచ్చిన కార్యకర్తల్లో ఒక్కరైనా లేచి "ఇదెందుకు?" అని ఉంటే బాగుండేది.

ఇక్కడిదాకా రాసి, అన్ని పార్టీల్లోనూ సభ్యులచేత ఓట్లు వేయించాలి, అంతకన్నా మార్గం లేదు అని ముగించాలనుకున్నాను. బందరు సంగతి గుర్తొచ్చింది.

మామయ్యగారి నాన్నగారు బందరు పక్క పల్లెలో నాలుగణాల చందా కట్టిన మామూలు కాంగ్రెస్ సభ్యుడు. 1939 జనవరిలో కాంగ్రెస్ అధ్యక్ష ఎన్నిక వచ్చింది. ఒకవైపు సుభాష్ చంద్రబోస్, ఇంకోవైపు మన పట్టాభి సీతారామయ్య. వైద్యం మానుకుని ఉద్యమంలోకి వచ్చినాయన, బందరులో ఆంధ్రా బ్యాంకు పెట్టినాయన, వీధిలో కనబడితే ఎవరైనా ఆగి నమస్కారం పెట్టే పెద్దమనిషి. ఓటు వేసేది ప్రతినిధులు మాత్రమే. తాతయ్యగారు ప్రతినిధి కారు, ఆ ఇంట్లో ఎవరికీ ఓటు లేదు. అయినా ఇల్లు రెండు ముక్కలైంది. తాతయ్యగారిది పట్టాభి పక్షం. వాళ్ల అన్నగారిది బోసు పక్షం. "మన ఊరివాడు కాబట్టి నీకు ముద్దు" అని అన్నగారు, "దూరపువాడు కాబట్టి నీకు మోజు" అని తాతయ్యగారు. భోజనానికి ఒకే పంక్తిలో కూర్చోవడం మానేశారట. మామయ్యగారి నాయనమ్మ ఇద్దరికీ విడివిడిగా వడ్డించి విసిగిపోయి, "మీరిద్దరూ కలిసి కూర్చునేదాకా పొయ్యి వెలిగించను" అని వంటింట్లో నీళ్లు చల్లేశారట. మామయ్యగారికి ఈ కథ వాళ్ల నాన్నగారే చెప్పారు. నాకు పెళ్లయిన కొత్తలో ఒకసారి బందరు వెళుతుంటే బస్సులో మామయ్యగారు మొదలుపెట్టి, బస్టాండులో దిగాక కూడా సంచులు పట్టుకుని నిలబడే చెప్పారు. వెనక ఆటోవాళ్లు పిలుస్తూనే ఉన్నారు.

బోసు రెండు వందల పైచిలుకు ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. పట్టాభి ఓటమి ఆయనకన్నా ఎక్కువగా తన ఓటమి అన్నారు గాంధీ. ఫిబ్రవరిలో కార్యవర్గ సభ్యుల్లో ఎక్కువమంది రాజీనామా చేశారు. మార్చిలో జబల్పూరు దగ్గర త్రిపురి సభకు బోసు ఒళ్లు కాలే జ్వరంతో స్ట్రెచరు మీద వచ్చారు. గాంధీ ఇష్టప్రకారమే కార్యవర్గాన్ని వేసుకోవాలని గోవింద్ వల్లభ్ పంత్ తీర్మానం పెడితే నెగ్గింది. ఏప్రిల్‌లో కలకత్తాలో బోసు రాజీనామా చేశారు, ఆ స్థానంలోకి రాజేంద్ర ప్రసాద్ వచ్చారు.

తాతయ్యగారు పట్టాభి మనిషి కదా, సంతోషించాలి. సంతోషించలేదట. రాజీనామా వార్త పత్రికలో చదివి అన్నగారి దగ్గరికి తనంతట తనే వెళ్లి పక్కన కూర్చుని, "మా వాడిని ఓడనివ్వలేదు, మీ వాడిని గెలవనివ్వలేదు" అన్నారట. బస్టాండులో మామయ్యగారు ఈ మాట చెప్పినప్పుడు ఆయన గొంతు వణికింది. నాకు అప్పుడు అంతగా అర్థం కాలేదు. ఇప్పుడు రాస్తుంటే అర్థమవుతోంది. పట్టాభి గౌరవంగా ఓడిపోయి ఉంటే ఆయనకు పోయేదేమీ లేదు. తొమ్మిదేళ్లకు, 1948లో, పురుషోత్తమదాస్ టాండన్ మీద పోటీ చేసి గెలిచి అధ్యక్షుడయ్యారు కూడా. అప్పటికి తాతయ్యగారు సభ్యత్వం కట్టడం మానేశారు.

కాబట్టి ఓటు వేయించినంత మాత్రాన సరిపోదు. గెలిచినవారితో పనిచేయవలసినవాళ్లకు మనసు లేకపోతే ఆ ఓటు నిలవదు. పోనీ సభ్యుల మాటే ఎప్పుడూ సరైనదా అంటే అదీ లేదు. 2022లో బ్రిటన్ కన్సర్వేటివ్ పార్టీలో ఎంపీల చివరి విడత ఓట్లలో రిషి సునాక్‌కు 137, లిజ్ ట్రస్‌కు 113. పార్టీ సభ్యుల దగ్గరికి వెళ్లేసరికి ట్రస్‌కు 81,326, సునాక్‌కు 60,399. సెప్టెంబరులో ప్రధాని అయిన ఆమె అక్టోబరు 20న రాజీనామా ప్రకటించారు. "సభ్యులే ఎన్నుకున్నారు నాన్నా, చూడు ఏమైందో" అని లండన్ నుంచి మా ఆడపడుచు ఆ రాత్రే ఫోను చేసింది. నాలుగు రోజులకు సునాక్ సభ్యుల ఓటింగు అవసరం లేకుండానే నాయకుడయ్యారు. సభ్యులు తొందరపడ్డారనే అంది మా ఆడపడుచు. మామయ్యగారు మాత్రం "తొందరపడే హక్కు కూడా వాళ్లదేనమ్మా" అన్నారు. అప్పుడు నేను ఆడపడుచు పక్షమే. ఇవాళ ఆ ఫోను చూశాక అంత ధీమాగా ఆ మాట అనలేను.

ఆ వారం మా ఇంట్లో టీవీ కట్టలేదు. ట్రస్ రాజీనామాకు ముందు రోజు, అక్టోబరు 19న, ఇక్కడ కాంగ్రెస్ అధ్యక్ష ఎన్నిక ఫలితం వచ్చింది. మామయ్యగారిది ఆ పార్టీ కాదు, అయినా పొద్దున్నే కుర్చీ జరుపుకుని కూర్చున్నారు. ఖర్గేకు 7,897, శశి థరూర్‌కు 1,072, చెల్లనివి 416. ఆ మూడు అంకెలూ పంచాంగం క్యాలెండరు మీద రాసుకున్నారు. మొదట బ్యాలెట్ మీద నచ్చినవారి పేరు ఎదుట ఒకటి అంకె వేయాలన్నారు, థరూర్ వర్గం అభ్యంతరం చెబితే టిక్కు గుర్తుకు మార్చారు. ఏ రాష్ట్రం ఎవరికి వేసిందో తెలియకుండా అన్ని పెట్టెల ఓట్లూ కలిపేసి లెక్కపెట్టారు. ఖర్గే గెలుస్తారని ఊరందరికీ తెలుసు, అందులో వింత లేదు. మామయ్యగారు పట్టుకున్నది ఆ 1,072ను. "ఇంతమంది వేరేగా అనుకుంటున్నారని రాతపూర్వకంగా తేలింది. రేపటి నుంచి ఖర్గే వాళ్లను లేరని అనలేరు" అన్నారు. ఆయన అంత సంబరంగా మాట్లాడటం నేను ఎక్కువసార్లు చూడలేదు. ఆ రోజు సాయంత్రం బజారుకు వెళ్లి జిలేబీ తెచ్చారు.

నాకు మనసులో పడ్డది ఇదే. తను చెప్పిన మనిషే గెలవాలని ఆయన ఎన్నడూ పట్టుబట్టలేదు. చాలాసార్లు ఓడిపోయిన పక్షంలోనే ఉన్నారు, మర్నాడు గెలిచినవారి సభకు కుర్చీలు వేయించారు. ఆయన కోరేది తన మాట ఒకరు విని లెక్కలో వేయడం, ఆ లెక్క అందరి ముందూ చదవడం. ఈ మాట పార్టీ ఆఫీసులో కూర్చున్నవాళ్లకు ఎందుకు తోచదు? 2022 జనవరిలో పంజాబ్‌లో ఆమ్ ఆద్మీ పార్టీ ఫోన్ల ద్వారానే ముఖ్యమంత్రి అభ్యర్థి పేరు అడిగింది. 21 లక్షలకు పైగా స్పందనలు వచ్చాయని, 93 శాతం భగవంత్ మాన్‌కేనని ప్రకటించింది. పద్ధతి మీద ఎవరి వాదన వారిది, అంకె మాత్రం బయటికి చెప్పారు. మా మండలంలో ఎంతమందికి ఫోను వెళ్లిందో, ఎంతమంది ఏది నొక్కారో ఎవరైనా చెబుతారా?

అయితే మామయ్యగారితో నాకు ఒక విషయంలో పడదు. పడుకోబోయే ముందు పాలు ఇస్తూ ఇదే అన్నాను, చీటీలు వేయిస్తే సరి అని. చీటీలు ఎందుకు, సభలో చేతులెత్తించాలి అన్నారు ఆయన. "మనసులో మాటకు చెయ్యెత్తలేనివాడు జెండా ఏం మోస్తాడమ్మా" అన్నారు. ఆయన ఎత్తగలరు. ఇద్దరు కొడుకుల సంపాదన ఉంది, ఎవరికీ బాకీ లేరు, ఊళ్లో మర్యాద ఉంది. మా వీధి చివర బట్టలు కుట్టే ఆవిడ పార్టీ మహిళా కమిటీలో ఉంది. ఆమె కొట్టు ఉన్న గది ఆ మొదటి ఆయనదే. అద్దె రెండు నెలలు ఆలస్యమైనా ఆయన ఊరుకుంటారు, అది ఆయన మంచితనమే, కాదనను. కాని ఆయన ముందు వరుసలో కూర్చుని ఉండగా ఆమె రెండో ఆయనకు చెయ్యెత్తుతుందా? ఎత్తకపోతే ఆమెకు అభిప్రాయం లేదని రాసుకుంటారా? జాకెట్టు కొలతలు తీసుకుంటూ మండల రాజకీయమంతా మామయ్యగారికన్నా స్పష్టంగా ఆమె నాకు చెప్పింది, తలుపు దగ్గరగా వేసి.

ఆదివారం మండల సమావేశం ఉందట. చేతులెత్తించవద్దనీ, చీటీలు వేయించి అక్కడే అందరి ముందూ విప్పి చదవమనీ అడగండి అని పొద్దున్నే మామయ్యగారికి చెప్పాలి. ఆవిడ పేరు ఎత్తకుండా చెప్పాలి. పేరు చెబితే ఆయన నేరుగా ఆమె కొట్టుకే వెళ్లి ధైర్యం చెప్పి వస్తారు.