మామ్మ వేలిముద్ర

పలాస దాటి ఇచ్ఛాపురం వైపు వెళ్తుంటే వచ్చే ఊళ్లలో మాదొకటి. సంక్రాంతికి వెళ్లినప్పుడు మా వీధి చివరి మామ్మని బండి ఎక్కించుకుని బ్యాంకుకి తీసుకెళ్లాను, మనవరాలి పేరున జాయింట్ అకౌంట్ తెరవాలని. ఆ మిషన్ మీద బొటనవేలు పెడితే పడదు. తుడిచి పెట్టింది, పడలేదు. తలకి రాసుకున్న కొబ్బరినూనె కాస్త వేలికి అంటించి మరీ పెట్టింది, అయినా పడలేదు. ముప్ఫై ఏళ్లుగా జీడిపిక్కలు కొట్టి, ఒలిచిన చేతులవి. జీడిసొన తగిలి తగిలి వేళ్ల కొసలు నల్లగా, నున్నగా అయిపోయాయి, గీతలు ఎక్కడున్నాయని? "ఏటి బాబూ, ఈ ఏలు నాదేనని నానే సెప్తుంటే ఆ మిషన్ కాదంటాదేటి?" అంది. నవ్వొచ్చింది, కాసేపటికి నవ్వు పోయింది.

సంగతేంటంటే, ఆవిడ కొడుకు చెన్నైలో బిల్డింగు పనికెళ్లి అక్కడే పోయాడు. కోడలు ఏడాది తిరక్కుండానే హైదరాబాద్ పనికెళ్లింది, మొదట్లో డబ్బు పంపేది, ఇప్పుడు ఫోనూ లేదు. ఎనిమిదో తరగతి పిల్ల, నాలుగో తరగతి గుంటడు మామ్మ దగ్గరే. ఇలాంటి పిల్లల కోసమే మిషన్ వాత్సల్య అనే కేంద్ర పథకం కింద స్పాన్సర్‌షిప్ పేరుతో డబ్బు సాయం ఉంది, ఆ జాయింట్ అకౌంట్ దీనికే. ఒక్కొక్కరికి నెలకి 4,000 రూపాయలు, పల్లెల్లో అయితే కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000 దాటకూడదు. పిల్లల్ని హోమ్‌లో పడేయకుండా సొంత మనుషుల దగ్గరే ఉంచాలన్నది దాని ఉద్దేశం, మంచిదే. పథకం లేదని గొడవ కాదు నాది.

మామ్మ దరఖాస్తు కొడుకు మరణ ధ్రువపత్రం దగ్గర ఆగింది. చావు ఎక్కడ జరిగితే అక్కడే నమోదు చేయాలన్నది 1969 చట్టం, గడువు 21 రోజులు. శవాన్ని ఊరికి తెచ్చుకుని దహనం చేసుకున్న ఇంట్లో కాగితం సంగతి ఎవరికి గుర్తుంటుంది? పంచాయతీలో ఇస్తారనుకుని తిరిగారు, ఇవ్వరు. ఏడాది దాటిపోయింది కాబట్టి ఇక మేజిస్ట్రేట్ ఆర్డర్ కావాలి, అదీ అక్కడే. తమిళం ఒక్క ముక్క రాని మామ్మ చెన్నై వెళ్లి ఏం చేస్తుంది? చివరికి కొడుకుతో పాటు పనిచేసిన మనిషొకడు అక్కడ తిరిగి తిరిగి తెచ్చిచ్చాడు. తీరా చూస్తే అందులో ఇంటిపేరు లేదు, ఆధార్‌లో ఉంది. ఒక ఆఫీసులో ఈ తేడా మార్చుకు రమ్మన్నారు, మార్చుకొస్తే ఆదాయ ధ్రువపత్రం పాతదైపోయిందన్నారు. మూడు సార్లు వెళ్లి మూడు కొత్త మాటలు విని వచ్చింది. ఆ మూడూ మొదటిరోజే ఒక కాగితం మీద రాసిచ్చి ఉంటే రెండు రోజుల కూలీ, ఛార్జీలు మిగిలేవి కదా!

నాకు తోచింది ఒకటే, ఆ కుటుంబం వెంట ఉండే మనిషి ఒకరు కావాలి. అంగన్వాడీ, బడి, సచివాలయం, జిల్లాలో బాలల సంక్షేమ కమిటీ, గోడ మీద పిల్లల హెల్ప్‌లైన్ నంబరు 1098, ఇన్ని ఉన్నాయి. అందరికీ పిల్లలు తెలుసు, తలా ఒక ముక్క. మామ్మ ఇంటి సంగతి మొత్తం తెలిసింది మా అంగన్వాడీ టీచరమ్మకే, కోడలు ఏ రైలుకి వెళ్లిందో కూడా చెప్తుంది. కానీ 1975 నుంచీ ఆ వ్యవస్థ లెక్క ఆరేళ్ల వరకే. ఆరు దాటాక పిల్లాడి పేరు ఆవిడ రిజిస్టర్‌లోంచి పోతుంది, బళ్లో హాజరు పట్టీకి ఎక్కుతుంది. ఆ పట్టీలో ఇంటి గోడు రాసే గడి ఉండదు. పోనీ ఆవిడ మీదే ఇంకో పని పెడదామా అంటే పాపం, పోషణ్ ట్రాకర్ అనే అంగన్వాడీ యాప్‌లో ఫొటోలు తీసి ఎక్కించడానికే ఆవిడకి సిగ్నల్ దొరకడం లేదు.

అందుకే సచివాలయంలో మహిళా పోలీసుగా ఉన్న అమ్మాయికి ఊళ్లో ఇలాంటి ఇళ్లు అప్పజెప్పాలంటాను. మన ఊరికి ఎన్ని ఉంటాయి, నాలుగో అయిదో. కాగితాలు ఆమె సేకరించాలి, ఏం తక్కువైందో ఆమె చెప్పాలి, పై ఆఫీసుకి ఆమె వెళ్లాలి గానీ మామ్మ కాదు. వేలిముద్ర పడకపోతే కంటిపాపతో చేయొచ్చని, ఆ పరికరం ఏ రోజు ఎక్కడ ఉంటుందో కనుక్కుని చెప్పే బాధ్యత కూడా ఆమెదే. సర్పంచ్ అధ్యక్షతన పిల్లల రక్షణ కమిటీ ఒకటి గ్రామంలో ఉండాలి, మా ఊళ్లో అది కూర్చోగా నేను చూడలేదు. మూడు నెలలకోసారి కూర్చుని, ఎవరింట్లో పిల్ల బడి మానేసి పిక్కలు ఒలవడానికి వెళ్తోందో ఆ ఒక్క ప్రశ్న అడిగితే చాలు. ఇదంతా కలెక్టర్ దాకా వెళ్లాల్సిన పని కాదు, మన సోమవారం గ్రీవెన్స్‌లో క్యూ కట్టించేంత పెద్దదీ కాదు.

ఎందుకంటే ఆ ఎనిమిదో తరగతి పిల్ల చేతులు కూడా చూశాను. బ్యాంకు నుంచి వచ్చాక నీళ్లిచ్చింది. చూపుడువేలి గోటి చుట్టూ నల్లటి మరక. "బడికి సెలవులు కదా అన్నయ్యా, పండక్కి గౌను కొనుక్కుందామని" అంది.

మామ్మ అకౌంట్ పోయిన నెల తెరుచుకుంది, కంటిపాపతో. ఫైలు ఇంకా జిల్లాలోనే ఉంది. బడి తెరిచాక ఆ పిల్ల ఎన్ని రోజులు వెళ్లిందో టీచర్‌కి ఫోన్ చేసి అడగాలి, రేపు చేస్తా.