ఉప్పులో కలిసే అయోడేట్ గురించి

మా ల్యాబ్ బీరువాలో నాకు బాగా నచ్చే సీసా పొటాషియం అయోడేట్‌ది. తెల్లటి పొడి, వాసన ఉండదు, తేమకు ముద్ద కట్టదు. ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర ఆరబెట్టి, డెసికేటర్‌లో (తేమ చేరనివ్వని మూత పాత్రలో) చల్లార్చి తూస్తే ఆ బరువును నిశ్చింతగా నమ్మవచ్చు. 3.567 గ్రాములు కరిగించి లీటరుకు చేరిస్తే 0.1 నార్మల్ (ద్రావణం గాఢతకు కొలమానం) ద్రావణం తయారు. హైపో (సోడియం థయోసల్ఫేట్) ద్రావణం అలా కాదు, నిల్వలో బలం మారిపోతుంది. అందుకే దాన్ని అయోడేట్‌తో సరిచూసుకుంటాం. అయోడేట్ గట్టి ఆక్సీకరణి (వేరే పదార్థాలు మండేలా చేసేది) కాబట్టి సీసాను గంధకం, స్పిరిట్ లాంటి వాటికి దూరంగా పెట్టాలి.

ఉప్పుకు అయోడిన్ అందించడానికి కలిపేది ఈ అయోడేట్‌నే, అందుకే మా దగ్గరికి వచ్చే ఉప్పు శాంపిళ్లలో కూడా దీన్నే వెతుకుతాం. పది గ్రాముల ఉప్పు కరిగించి, కొంచెం సల్ఫ్యూరిక్ ఆమ్లం, పొటాషియం అయోడైడ్ వేసి పది నిమిషాలు చీకట్లో ఉంచుతాం. ఒక్కో అయోడేట్‌కు మూడేసి అయోడిన్ అణువులు విడుదలై ద్రావణం పసుపెక్కుతుంది. హైపో బొట్లు బొట్లుగా వదులుతుంటే రంగు పలచబడి ఎండుగడ్డి రంగుకు వస్తుంది. స్టార్చ్ వేయాల్సింది అప్పుడే. ముందే వేస్తే అయోడిన్‌ను పట్టుకుని ఓ పట్టాన వదలదు. ముదురు నీలం వస్తుంది, ఆ తర్వాత ఒక్క బొట్టుతో మాయం. 0.005 నార్మల్ హైపో 1.4 మి.లీ. పడితే ఉప్పులో సుమారు 15 పీపీఎం (పది లక్షల భాగాల్లో 15 భాగాలు) అయోడిన్ ఉన్నట్టు. మన దేశంలో కొనేవారి చేతికి అందేటప్పటికి కనీసం అంత ఉండాలి.

ఉప్పులో అయోడేట్‌కు బదులు అయోడైడ్ ఎందుకు కలపరు? మన ఎండలకు, ఉప్పులోని తేమకు అది అయోడిన్‌గా మారి ఆవిరైపోతుంది. అయోడేట్ నిలుస్తుంది. టన్ను ఉప్పుకు 50 గ్రాములు కలిపితే దాదాపు 30 పీపీఎం వస్తుంది.

శ్రీకాకుళంలో పుట్టిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి బృందం 1956లో హిమాచల్‌లోని కాంగ్రా లోయలో అయోడిన్ ఉప్పు ఇచ్చి చూసింది. ఆ ఉప్పు తిన్న ఊళ్లలో గాయిటర్ (అయోడిన్ లోపంతో గొంతు దగ్గర వచ్చే వాపు) తగ్గింది, మామూలు ఉప్పు తిన్నచోట తగ్గలేదు. ఇంత స్పష్టమైన ఫలితం మన దేశంలోనే ఉన్నా "కెమికల్ కలిపిన ఉప్పు" అని భయపడి చాలామంది అయోడిన్ కలపని సైంధవ లవణానికి మారిపోతుంటే నాకు నిజంగా బాధేస్తుంది. రుచికి అప్పుడప్పుడు వాడుకోండి, తప్పులేదు. గర్భిణి ఉన్న ఇంట్లో మాత్రం రోజువారీ ఉప్పు ప్యాకెట్ మీద అయోడైజ్డ్ అని ఉందో లేదో చూసి కొనండి, మూత గట్టిగా బిగించిన డబ్బాలో పోసి పొయ్యికి దూరంగా పెట్టండి.